సున్నపు కుండలో దాగిన సెగ

పండుగ వచ్చుచున్నదనగా మన యిండ్లలో మొదట జరుగు పని గోడలకు వెల్లవేయుట. ఇప్పుడు రంగు డబ్బాలు వచ్చి సున్నమును చాలవఱకు వెనుకకు నెట్టినవి గాని, పల్లెలలోను, పాత యిండ్లలోను, దొడ్డిగోడలకును, చెట్ల మొదళ్లకును నేటికిని సున్నమే వాడుకలో నున్నది. మా యింటను పెరటి గోడకును పశువుల సాలకును ఏటేట సంక్రాంతికి ముందు సున్నమే వేయింతుము. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది అట్టి యొక వెల్లవేతనాడు జరిగిన సంగతియే.

ఆ దినమున వెల్లవేయువాడు బట్టీనుండి తెచ్చిన రాళ్లసున్నమును పెద్దకుండలో వేసి, దానిపై నొక్కమాఱుగా బిందెడు నీరు కుమ్మరించెను. కొలది నిమిషములలో కుండ బుసబుస పొంగి కుతకుత ఉడుకసాగెను. ఆవిరి లేచెను. సమీపమున ఆడుకొనుచున్న మా మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, పరుగున వచ్చి, "అమ్మమ్మా! కుండక్రింద నిప్పు లేదు, కట్టె లేదు. నీళ్లెట్లు మరుగుచున్నవి?" అని యడిగెను. మేము సమాధానము వెదకుకొను లోపలనే, దానితోపాటు వచ్చిన పొరుగింటి పిల్లవాడు కుండలోనికి తొంగిచూచెను. ఉడుకుచున్న సున్నపు తుంపర యెగిరి వాని కంట బడెను.

వాడు పెట్టిన కేకకు ఇరుగుపొరుగు లందఱును గుమిగూడిరి. ఒకరు చనుబాలు పిండుమనిరి. ఒకరు ఆముదపు చుక్క వేయుమనిరి. చదువుకొన్న పెద్దమనిషి యొకరు, "సున్నము క్షారము గదా! నిమ్మరసము పిండినచో విఱిగిపోవును" అని సెలవిచ్చిరి. మేము వీనిలో నేదియు జేయనీయలేదు. పిల్లవానిని నీళ్లతొట్టి ప్రక్కను పరుండబెట్టి, ఱెప్పలు విప్పి పట్టుకొని, చెంబు తరువాత చెంబుగా మంచినీరు ధారకట్టి అరగంటసేపు పోసితిమి. పిమ్మట కంటివైద్యుని యొద్దకు గొనిపోగా, ఆయన ఱెప్పను తిరుగవేసి, లోపల అంటుకొనియున్న రెండు సున్నపు నలుసులను తీసి, "నీళ్లు పోసినారు గనుక కన్ను దక్కినది" అనిరి. దైవానుగ్రహమున పిల్లవాడు కొలది దినములలో కోలుకొనెను.

ఆ గడబిడలో మేము మఱచితిమి గాని, మనుమరాలు తన ప్రశ్నను మఱవలేదు. రాత్రి పక్క చేరి, "నిప్పు లేని కుండ ఎట్లు కాగినది?" అని మరల నడిగెను. సోదరీమణులారా! దాని ప్రశ్నకు జవాబును, నిమ్మరసము వలదని మేము వారించుటకు కారణమును ఒక్కచోటనే యున్నవి. ఒక వస్తువు మఱియొక వస్తువుగా మాఱునపుడు వేడి యెచ్చటనుండి వచ్చును, ఎచ్చటికి పోవును అను లెక్కయే యది. ఆ లెక్క మన వంటయింటిలో ప్రతిదినమును నడుచుచున్నది. దానిని తెలిసికొన్న కన్నులు దక్కును, చేతులు దక్కును, కట్టెయు గ్యాసును కలిసివచ్చును.

బట్టీలో చేసిన అప్పు

సున్నము పుట్టుక మొదట చూతము. పల్నాటిసీమలో పిడుగురాళ్ల ప్రాంతమున సున్నపు బట్టీలు ప్రసిద్ధములు. అట్టి బట్టీలలో సున్నపురాతిని బొగ్గుతో గలిపి పేర్చి, సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్తురు. సముద్రతీరమున నత్తగుల్లలను కాల్చి చేయు గుల్లసున్నమును ఇట్టిదే. గుల్లయు రాయియు రసాయనశాస్త్ర దృష్టిలో ఒక్క పదార్థమే. ఈ రాతిలో సున్నమును బొగ్గుపులుసు వాయువును గట్టిగా ముడిపడి యున్నవి. బట్టీ వేడి యా ముడిని విప్పును. వాయువు గాలిలో గలిసిపోవును. కాలిన సున్నము మిగులును. నూఱు కిలోల మేలైన రాతినుండి యాబదియాఱు కిలోల సున్నము వచ్చును. తక్కిన నలుబదినాలుగు కిలోలును పొగగొట్టమునుండి పోయిన వాయువే.

ఇప్పుడు వేడికి కొలత యొకటి కావలయును. బియ్యమునకు సోలయు తవ్వయు నున్నట్లు వేడికి కెలోరి యున్నది. ఒక కిలో నీటిని, అనగా ఒక లీటరు నీటిని, ఒక డిగ్రీ వేడిచేయుటకు పట్టు ఉష్ణమే యొక కెలోరి. ఆహారమును గూర్చి వైద్యులు చెప్పు కెలోరియు నిదియే. మన వేసవినాటి కుండనీరు 30 డిగ్రీలు ఉన్నదనుకొందము. అది మరుగుటకు 100 డిగ్రీలకు చేరవలెను. కావున లీటరు నీరు మరుగు స్థితికి వచ్చుటకు 70 కెలోరీలు పట్టును.

ఒక కిలో కాలిన సున్నము చేతికి వచ్చుటకు, రాతిలోని ముడి విప్పుటకు మాత్రమే సుమారు 760 కెలోరీలు వ్యయమగును. రాయి కాగుటకును, గాలిలో వృథాయగుటకును పట్టినది వేఱు. మఱి యా 760 కెలోరీలు ఏమైనవి? మాయమయ్యెనా? లేదు. అవి చల్లనిరాయివలె కనబడుచున్న యా సున్నపుగడ్డలోనే యప్పుగా నిలిచియున్నవి. చేయిపెట్టి చూచిన వేడి తెలియదు. ఏలయన నది యుష్ణరూపమున లేదు, పరమాణువుల అమరికలో దాగియున్నది.

ఆ యప్పులో మొదటి వాయిదా నీరు పోసిన గడియలోనే తీరును. కిలో సున్నము నీటితో గలిసి తడిసున్నమగునపుడు ఇంచుమించు 280 కెలోరీలు వెలువడును. లీటరునకు 70 చొప్పున లెక్కించుడు: నాలుగు లీటర్ల నీటిని మరిగింప జాలిన వేడి! నీరు తక్కువైన కొలదియు ఆ వేడి యంతయు ఆ కొంచెపు నీటిమీదనే పడి, అది యొక్క పెట్టున నావిరియై సున్నమును చిమ్మివేయును. మా పెరటిలో జరిగిన దదియే.

రెండవ వాయిదా గోడమీద తీరును. వెల్లవేసిన తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెము కొంచెముగా గ్రహించి మరల రాయియగును. పూర్తిగా రాయియగు నప్పటికి, కిలో సున్నమునకు మిగిలిన 480 కెలోరీలును వెలువడును. కాని పలుచని పూతలో, దినములతరబడి మెల్లమెల్లగా జరుగు పని గావున గోడపై చేయి యానించినను మనకు వెచ్చదనము తెలియదు. 280యును 480యును కూడిన 760. బట్టీలో చేసిన యప్పు దమ్మిడీతో గూడ తీరినది. రాయి మరల రాయియైనది.

మా మనుమరాలితో మేమిట్లంటిమి: "తల్లీ! కుండక్రింద నిప్పు లేదన్నమాట నిజమే. కాని నిప్పు బట్టీలో మునుపే పెట్టిరి. ఆ సెగయే సున్నపుగడ్డలో మూటగట్టుకొని మన యింటికి వచ్చినది. నీరు ఆ మూట విప్పినది."

మంచును కరగించి చేసిన లెక్క

ఈ జమాఖర్చును మొదట శాస్త్రీయముగా బట్టినవారు ఫ్రాన్సుదేశీయులైన లవోయిజర్, లాప్లాసు అను పండితులు. 1782-83 శీతకాలమున వారొక యుపాయము పన్నిరి. ఒకదానిలో నొకటి యిమిడిన డబ్బాలు చేయించి, నడుమ వేడిపుట్టించు వస్తువు నుంచి, దానిచుట్టును మంచుగడ్డలు నింపిరి. బయటి వేడి లోనికి రాకుండ వెలుపలి డబ్బాలోను మంచే నింపిరి. లోపల పుట్టిన వేడి యెంతయో కరగి కారిన నీటిని తూచి తెలిసికొనిరి. ఒక గినీపందిని గూడ ఆ డబ్బాలో నుంచి, అది కరగించిన మంచును, విడిచిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కొలిచిరి. బొగ్గు కాలి యంత వాయువును విడుచునపుడు కరగు మంచునకును దీనికిని దగ్గఱి పోలిక కనబడెను. శ్వాసయు నొక మెల్లని దహనమే యని వారు నిశ్చయించిరి.

పదార్థము విడిపోవుటకు ఎంత వేడి పట్టునో, అది మరల కూడునపుడు అంత వేడియే తిరిగి వచ్చునని 1783లోనే వారు ప్రకటించిరి. ఇది మన సున్నపు కథయే గదా!

ఈ సందర్భమున స్త్రీలమైన మనము తలచుకొనదగిన పేరొకటి కలదు. లవోయిజర్ భార్య మరీ ఆన్ పదుమూడవయేట కాపురమునకు వచ్చినది. భర్తకు రాని ఆంగ్లభాషను నేర్చి, అందలి రసాయన గ్రంథములను ఫ్రెంచిలోనికి మార్చి యిచ్చినది. ప్రయోగములు జరుగుచుండగా ప్రక్కను గూర్చుండి ఫలితములు వ్రాసినది. 1789లో భర్త ప్రకటించిన రసాయనశాస్త్ర గ్రంథమునకు యంత్రముల చిత్రములన్నియు తన చేతితోనే గీసినది. మంచుడబ్బా చిత్రమును అందున్నది. 1794లో విప్లవకారులు భర్తకు శిరచ్ఛేదము చేసిరి. ఆ దుఃఖములోను ఆమె యాతని వ్రాతలను పోగుచేసి గ్రంథముగా వెలువరించినది. కొలుచుట, వ్రాసియుంచుట, లెక్క సరిచూచుట, ఇవి యింటిని దిద్దుకొను స్త్రీకి క్రొత్తవి గావు.

పిమ్మట 1840లో రష్యాదేశమునందలి సెంటుపీటర్సుబర్గులో హెస్ అను రసాయనవేత్త ఈ లెక్కకు పూర్ణరూపము నిచ్చెను. మార్పు ఒక్క అడుగులో జరిగినను, పది యడుగులలో జరిగినను, మొదటి పదార్థమును చివరి పదార్థమును అవియే యైనచో మొత్తము వేడి మాఱదు అని యాతని సూత్రము. తిరుపతినుండి తిరుమలకు మెట్లదారిని నెక్కినను, ఘాటురోడ్డున బస్సులో నెక్కినను, కొండ యెత్తు ఒక్కటియే గదా! అలసట వేఱు, కాలము వేఱు. ఎత్తు మాత్రము మాఱదు.

ముడి విప్పుట, ముడి వేయుట

కట్టెలో వేడి నిండియున్నదనియు, దానిని విఱిచి కాల్చిన నది బయటికి వచ్చుననియు మనమనుకొందుము. ఈ యూహలో కొంత పొరపాటున్నది. పరమాణువుల ముడి విప్పుటకు ఎల్లప్పుడును ఖర్చే. క్రొత్తముడి పడునపుడే రాబడి. కట్టె కాలునపుడు కట్టెలోని ముడులును గాలిలోని ప్రాణవాయువు ముడులును విడిపోవుటకు కొంత ఖర్చగును. విడిన పరమాణువులు నీరుగను, బొగ్గుపులుసు వాయువుగను మరల ముడిపడును. ఈ క్రొత్తముడులు మిక్కిలి గట్టివి గావున రాబడి ఖర్చును మించును. మించినదే మన పొయ్యిలోని మంట.

కట్టె గాలిలో నిన్నినాళ్లు పడియుండియు తనంత తాను మండకుండుటకు కారణమును ఇందే యున్నది. మొదటి ఖర్చును ఎవరో యొకరు పెట్టవలెను. అగ్గిపుల్ల చేయు పని యదియే. పొయ్యి రాజుకొన్న పిమ్మట మంటయే ముందున్న కట్టెకు పెట్టుబడి పెట్టుచు పోవును.

రాబడి యెక్కువైన మార్పులను ఉష్ణమోచకము లందురు. సున్నము తడియుట, కట్టె కాలుట, పులుసును క్షారమును కలియుట ఈ జాతివి. ఖర్చెక్కువై రాబడి తక్కువైనచో ఆ లోటును చుట్టునున్న వస్తువులనుండి లాగుకొనును, అప్పుడవి చల్లబడును. వానిని ఉష్ణగ్రాహకము లందురు. బట్టీలో రాయి సున్నమగుట అట్టిదే. వేడి యందించినంత సేపే యది జరుగును.

చల్లబఱచు మార్పులును మనకు తెలిసినవే. జ్వరపడి లేచిన పిల్లలకు గ్లూకోజుపొడి నాలుకపై వేసిన చల్లగా నుండును. మంచులో నుంచి తీసినది కాదు. పొడి కరగుటకు కావలసిన వేడిని నాలుకనుండి లాగుకొనుటచే నట్లుండును. పైరుపై చల్లుటకు యూరియాను బకెట్టు నీటిలో కలుపు రైతుస్త్రీలకు బకెట్టు చల్లబడుట అనుభవమే. మంచుయంత్రములు లేని కాలమున అక్బరు చక్రవర్తి యింట త్రాగునీటిని చల్లబఱచుటకు సురేకారమును వాడుచుండిరని అబుల్ ఫజలు తన ఆయినీ అక్బరీలో వ్రాసెను. సురేకారము కరగించిన నీటిలో, మూతి బిగించిన నీటిపాత్ర నుంచి త్రిప్పుచుండిరి. తుపాకిమందులో పేలు వస్తువే నీటిలో కరగినపుడు చల్లదన మిచ్చుట వింతగదా! వస్తువు ఒక్కటియే, చేరిన తోడును బట్టి లెక్క మాఱినది.

పొయ్యిదగ్గఱ జమాఖర్చు

ఇక మన వంటకు వత్తము. బాగుగ ఎండిన కిలో కట్టె మూడున్నర మొదలు నాలుగువేల కెలోరీలవఱకు నిచ్చును. కిలో వంటగ్యాసు సుమారు 11,000 కెలోరీల నిచ్చును. అంత వేడి పుట్టినను మూడుఱాళ్ల పొయ్యిపై నది గిన్నెకు జేరునది పదింట ఒకటి రెండు వంతులు మాత్రమే, తక్కినది గాలిపాలు.

పచ్చికట్టె మండించుట యెంత నష్టమో చూడుడు. అప్పుడే నఱికిన కట్టెలో ఇంచుమించు సగము నీరే. లీటరు నీరు మరుగుటకు 70 కెలోరీలు చాలును గాని, మరిగిన నీరు ఆవిరియై పోవుటకు మఱి 540 పట్టును. కట్టెలోని నీటిని ఆర్పుటకే మన మంటలో కొంత కరిగిపోవును. చల్లబడిన మంట సరిగా కాలక పొగయగును. వర్షకాలమునకు ముందే కట్టె యెండబెట్టి చూరుక్రింద పేర్చు పెద్దల అలవాటు పిసినారితనము కాదు, లెక్క యెఱిగిన పని.

ఈ 540 సంఖ్యయే మఱియొక పాఠము చెప్పుచున్నది. నీరు మరిగిన తరువాత మంట పెంచిన అన్నము తొందరగా ఉడకదు. నీటివేడి నూఱు డిగ్రీలను దాటదు. పెంచిన మంట యంతయు నీటిని ఆవిరి చేయుటకే పోవును. తెర్లినంతనే మంట తగ్గించి మూతపెట్టిన చాలును.

గిన్నె అడుగున పట్టిన మసి మనకు రావలసిన వేడి రాలేదనుటకు గుఱుతు. బొగ్గు పూర్తిగా కాలి బొగ్గుపులుసు వాయువైనపుడే దాని వేడి యంతయు వచ్చును. గాలి చాలక సగము కాలినచో కార్బన్ మోనాక్సైడు అను వాయువగును. అప్పుడు వచ్చు వేడి పూర్తివేడిలో నాలుగవవంతు కంటె కొంచెమే యెక్కువ. గ్యాసుపొయ్యి నీలిమంటకు మాఱుగా పసుపుమంట యిచ్చినచో బర్నరు రంధ్రములు శుభ్రపఱచుకొనవలెను.

ఆ సగము కాలిన వాయువు నష్టము మాత్రమే కాదు, విషము. దానికి వాసన లేదు, రంగు లేదు. బాలింత గదిలో తలుపులు కిటికీలు బిగించి రాత్రియంతయు బొగ్గుల కుంపటి యుంచు నలవాటు కొన్ని యిండ్లలో నింకను పోలేదు. తల్లియు బిడ్డయు నిదురలోనే ప్రాణములు విడువవచ్చును. చలికి దుప్పటి కప్పుడు. కుంపటి మాత్రము మూసిన గదిలో వలదు.

ఒంటిలోని పొయ్యి

మంచుడబ్బాలోని గినీపంది తెలిపిన సంగతి మనకును వర్తించును. మనము తిను అన్నము ఒంటిలో మంట లేకుండ, వందలకొలది చిన్నయడుగులలో కాలును. హెస్ సూత్రము ప్రకారము, పిండిపదార్థమును క్రొవ్వును పొయ్యిలో కాలినను దేహములో కాలినను తుదకు నీరును బొగ్గుపులుసు వాయువునే యగును గావున మొత్తము శక్తి యొక్కటియే. గ్రాము పిండిపదార్థము సుమారు 4 కెలోరీలును, గ్రాము నేయి 9 కెలోరీలును ఇచ్చును. నూఱు గ్రాముల బియ్యము ఇంచుమించు 350 కెలోరీలు.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన లెక్కలలో, మధ్యరకపు శ్రమచేయు స్త్రీకి దినమునకు 2,130 కెలోరీలు కావలెనని యున్నది. గర్భిణికి దానిపై మఱి 350. చంటిబిడ్డకు పాలిచ్చు తల్లికి మొదటి ఆఱునెలలు మఱి 600. అందఱును తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలినది తిని పనికి లేచు ఇల్లాలు ఈ లెక్కను తప్పించుకొనలేదు. ఒంటి పొయ్యికి కట్టె వేయకున్నచో అది తన ఇంటి దూలములనే పీకి కాల్చుకొనును, అనగా ముందు క్రొవ్వును, దానితోపాటు కండను కరగించుకొనును. ఓర్పు ఎంతయున్నను కెలోరి పుట్టదు.

జాగ్రత్తలు

ఇప్పుడు పిల్లవాని కన్ను సంగతికి తిరిగి వత్తము. నిమ్మరసము ఏల వలదంటిమి? పులుసును క్షారమును కలిసినపుడు వేడి పుట్టునని పైన జెప్పితిమి. మెత్తని కంటిలో నా పోరు జరిపించుట కాలిన పుండుపై మరల వాత పెట్టుటయే. చనుబాలును ఆముదమును నలుసును కడిగివేయలేవు. విలువైన నిమిషములు మాత్రము హరించును. ధారగా పోయు నీరు రెండు పనులు చేయును: సున్నమును కొట్టుకొనిపోవును, పుట్టిన వేడిని తనతో తీసికొనిపోవును. కొంచెము నీరు సున్నమును రగిల్చును. విస్తారమైన నీరు చల్లార్చును. ఇది యందఱును గుర్తుంచుకొనదగినది.

కావున సున్నము కంటబడిన వెంటనే, వైద్యుని కొఱకు వేచియుండక, ఱెప్పలు విప్పి కనీసము అరగంట మంచినీరు పోయుడు. కన్ను నలుపనీయకుడు. కనబడు నలుసులను తడిగుడ్డ కొనతో తీసివేయుడు. పిమ్మట తప్పక కంటివైద్యుని కడకు గొనిపొండు; ఱెప్పల లోపల దాగిన నలుసు గంటలకొలది కన్నును తినుచుండును. చర్మముపై పొడిసున్నము పడినచో ముందు పొడిగుడ్డతో దులిపి, తరువాత విస్తారముగ నీరు పోయుడు.

తాంబూలపు సున్నము నీరు త్రాగిన సున్నమే గావున వేడి పుట్టదు. ఐనను దాని క్షారగుణము పోలేదు. దుకాణములలో నమ్ము చిన్న సున్నపు పొట్లములను పిల్లలు నొక్కి యాడుకొనగా, అవి పగిలి కన్నులు చెడిన సంగతులను మన దేశపు కంటివైద్యులు పలుమాఱులు వ్రాసియున్నారు. అక్కసెల్లెండ్రారా! ఆ పొట్లము పిల్లల చేతికందు చోట నుంచకుడు.

సున్నము నానవేయునపుడు ముందు పాత్రలో నీరు నిండుగ బోసి, అందులో గడ్డలను కొంచెము కొంచెముగా వేసి, పొడుగాటి కఱ్ఱతో కలియబెట్టుడు. ప్లాస్టిక్కు బకెట్టులు మెత్తబడి క్రుంగును. ఇనుపపాత్రగాని పెద్దకుండగాని మేలు. తూముల మూసుకొన్న మురికిని విడదీయుటకు అమ్ము కాస్టిక్కు సోడాకును ఇదే నియమము: సోడాను నీటిలో వేయవలెను గాని, సోడాపై నీరు పోయరాదు. ఆమ్లమును పలుచన చేయవలసివచ్చినను నీటిలోనికే ఆమ్లము. ఆమ్లములోనికి నీరు వలదు. ఆ రెండింటిని ఒక్క తూములో ఒకదాని వెంట నొకటి పోయుట మిక్కిలి ప్రమాదము. వేడికి చిమ్మి మొగముపై పడును.

మఱుసటి సంక్రాంతికి మా పెరటిలో వెల్లవేత యీ పద్ధతినే జరిగినది. తొట్టినిండ నీరు, చేటలో సున్నపుగడ్డలు, పొడుగుకఱ్ఱ, ప్రక్కను రెండు బిందెల మంచినీరు. పిల్లలకు గీత గీసి దూరముగ నిలిపితిమి. గడ్డ తరువాత గడ్డ పడుచుండగా నీరు వెచ్చబడినది గాని పొంగలేదు, చిమ్మలేదు. పొరుగింటి పిల్లవాడు గీతకు రెండడుగులు వెనుకనే నిలిచెను. మా మనుమరాలు వానితో, "ఇది పోయిన యేటి సెగ యంతయే. నీళ్లెక్కువ గావున పంచుకొన్నవి" అని చెప్పుచుండెను. సాయంకాలమునకు గోడ ఆఱనారంభించెను. రెండవ వాయిదా తీరుచుండెను.